ఇంగ్లీషు పాఠంలో చిలకలపూడి నగ

మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల గానీ, పిల్లాడు గానీ ఉన్నారా? ఉంటే ఈ నాలుగు మాటలూ మీకోసమే. లేకపోయినా చదవండి. ఇందులో నగల సంగతి ఉంది మరి!

సాయంత్రం ఆరయ్యేసరికి మన ఇళ్ళల్లో ఒకటే హోరు. లోపలి గదిలో పిల్లలు ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పుకుంటూంటారు. మనం వంటింట్లో తాలింపు వేస్తూ వింటూంటాం. సగం అర్థం కాదు. అయినా లోపల ఎంత సంబరమో! గురజాడవారి 'కన్యాశుల్కం'లో వెంకమ్మగారు గుర్తున్నారా? కొడుకు వెంకటేశం, గిరీశం ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే విని ఆనందించాలని ముచ్చటపడుతుంది. వాళ్ళిద్దరూ నోటికొచ్చిన ముక్కలన్నీ కలిపి వాయించేస్తే ఆ మహాతల్లి మురిసిపోతుంది. ఆ నాటకం మొదటిసారి ఆడింది 1892లో. నూట ముప్ఫై ఏళ్ళు దాటినా మన వంటిళ్ళల్లో వెంకమ్మలకు కొదవలేదు. చప్పుడు విని మురిసిపోవడమే గానీ ఆ చప్పుడులో ఉన్న సంగతేమిటో మన దాకా రాదు.

పోనీ అడుగుదామా అంటే, "నీకు తెలీదులే అమ్మా!" అనే మాట సిద్ధంగా ఉంటుంది. పిల్లలు పొగరుతో అనరు. నిజంగానే మనకు తెలియదని నమ్ముతారు. కానీ ఆ మాట వినీ వినీ మనం కూడా నమ్మేస్తాం చూడండి, అదీ నష్టం. ఎనిమిదో తరగతి దాకా బడిలో ఏం జరిగిందో పూస గుచ్చినట్టు చెప్పే పిల్ల పదో తరగతికి వచ్చేసరికి "అన్నం పెట్టు", "ఫీజు కట్టాలి", "ఆటో వచ్చింది" అనే మూడు మాటలకి దిగుతుంది.

నేను చదివింది ఇంటర్మీడియెట్. అదీ తెలుగు మీడియం. మా రోజుల్లో తెలుగు మీడియం బడుల్లో ఆరో తరగతిలో గానీ ఏబీసీడీలు మొదలయ్యేవి కావు. పదో తరగతికి వచ్చేసరికి నాలుగేళ్ళ ఇంగ్లీషుతో పెద్ద పెద్ద రచయితల కథలు చదవాలి. మా మాస్టారు ఒక వాక్యం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, మళ్ళీ ఇంకో వాక్యం. అట్లా ముక్కలు ముక్కలుగా విన్న కథ ముక్కలుగానే మిగిలేది. తర్వాత జవాబులు బోర్డు మీద రాసేవారు. మేం ఎక్కించుకునేవాళ్ళం. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. ముప్ఫై అయిదు మార్కులు వచ్చి గట్టెక్కితే చాలనుకునే అరవై మంది పిల్లల్ని ముందు పెట్టుకుని ఎవరైనా అంతకంటే ఏం చేస్తారు?

ఇప్పుడు మా అమ్మాయిది ఇంగ్లీషు మీడియం, సీబీఎస్ఈ సిలబసు. లెక్కల్లో నేను తలదూర్చలేను. సైన్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ ఈ చదువులన్నిట్లోకీ మనలాంటి ఇల్లాలు దర్జాగా అడుగు పెట్టి కూర్చోదగ్గ పాఠం ఒకటుందని ఈ మధ్యనే తెలిసింది. మీరు నమ్ముతారో లేదో, అది ఇంగ్లీషు పాఠమే!

ఒక ఆదివారం పొద్దున నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. అత్తయ్య మంచం మీద నడుం వాల్చి ఉన్నారు. మా అమ్మాయి గైడు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఒకే పేరాని పదిసార్లు చదువుతోంది. 'మెటిల్డా' అని మాటిమాటికీ వినపడుతోంది.

"ఎవరే ఆ మెటిల్డా?" అన్నాను.

"పాఠంలో ఆవిడమ్మా. ఆవిడ గుణగణాలు రాయమని అడుగుతారు. ఆశపోతు, డాబుసరి మనిషి, ఉన్నదాంతో తృప్తి లేనిది. అంతే."

"అంతగా ఏం చేసిందిట?"

"నీకు తెలీదులే..." అనబోయి ఎందుకో ఆగింది. నా చేతిలో చిక్కుడుకాయలు చూసి జాలిపడిందో ఏమో, పక్కన కూలబడి కథ చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులోనే లెండి.

మీలో కొందరు చదివే ఉంటారు. కథ పేరు 'ది నెక్లెస్'. రాసింది మొపాసా అనే ఫ్రెంచి రచయిత. 1884లో పారిస్‌లో ఒక దినపత్రికలో వచ్చింది. అంటే మనం ఇంగ్లీషు పాఠం అనుకునేది కూడా అసలు ఇంగ్లీషుది కాదన్నమాట! ఎన్‌సీఈఆర్‌టీ వారు పదో తరగతి ఇంగ్లీషు ఉపవాచకంలో దీన్ని కుదించి పెట్టారు. ఏళ్ళ తరబడి దేశమంతటా పిల్లలు చదువుతూ వస్తున్నారు.

మెటిల్డా అందగత్తె. మొగుడు ప్రభుత్వ ఆఫీసులో చిన్న గుమాస్తా. ఇంట్లో జరుగుబాటుకు లోటు లేదు గానీ ఆవిడ మనసంతా పెద్దిళ్ళ మీదే. ఒకరోజు ఆయన ఎంతో సంతోషంగా మంత్రిగారింట్లో విందుకి ఆహ్వానం తెస్తాడు. ఆవిడ ఏడుస్తుంది, కట్టుకోవడానికి మంచి బట్టలు లేవని. పాపం, ఆయన వేటకి తుపాకీ కొనుక్కుందామని దాచుకున్న 400 ఫ్రాంకులూ ఇచ్చేస్తాడు. గౌను వచ్చింది. ఇక నగలో? ధనవంతురాలైన స్నేహితురాలి దగ్గరికి వెళ్ళి వజ్రాల హారం ఎరువు తెచ్చుకుంటుంది. విందులో అందరి కళ్ళూ ఆవిడ మీదే. తెల్లవారుజామున ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మెడలో హారం లేదు!

అప్పటిదాకా పడుకుని వింటున్న అత్తయ్య లేచి కూర్చున్నారు. "అయ్యో అయ్యో! ఎక్కడ పడిందంట?"

ఎంత వెతికినా దొరకలేదు. స్నేహితురాలికి మాత్రం, కొక్కెం విరిగింది, బాగుచేయిస్తున్నామని ఉత్తరం రాశారు. అచ్చం అట్లాంటి హారమే ఒక కొట్లో కనిపించింది. 40,000 ఫ్రాంకులు చెప్పి 36,000కి ఇస్తానన్నాడు. ఆయనకి తండ్రి ఇచ్చి వెళ్ళిన 18,000 ఉన్నాయి. మిగతాదంతా అప్పు. హారం తీసుకెళ్ళి ఇచ్చేశారు. ఆ తర్వాత పదేళ్ళు ఆ అప్పు తీర్చారు. పనిమనిషిని మానిపించారు. పైకప్పు కింద చిన్న గదిలోకి మారారు. ఆవిడే అంట్లు తోమింది, బట్టలు ఉతికింది, నీళ్ళు మోసింది, బజార్లో పైసా పైసాకీ బేరమాడింది. ఆయన రాత్రిళ్ళు కూడా కూర్చుని లెక్కలు రాసిపెట్టాడు. పదేళ్ళకి బాకీ తీరింది. ఆవిడ అందం కూడా తీరిపోయింది. ఒక ఆదివారం ఆ స్నేహితురాలు ఎదురైంది. మెటిల్డాని ఆనవాలే పట్టలేదు. ఇక దాచేదేముందని ఉన్నదంతా చెప్పింది మెటిల్డా. విని ఆ స్నేహితురాలు చేతులు పట్టుకుని అంది, తను ఇచ్చిన హారం ఉత్త నకిలీదనీ, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందనీ!

చిక్కుడుకాయలు పళ్ళెంలో వదిలేసి నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. 500 నగకి 36,000! డెబ్బై రెండింతలు!

"ఇప్పుడు చెప్పు, ఆశపోతేగా?" అంది మా అమ్మాయి.

నాకు అట్లా అనిపించలేదు. "ఆశ ఉంటే ఉంది. ఎవరికి లేదు? పెళ్ళికి వెళ్ళేటప్పుడు పక్కింటావిడ గాజుల జత అడిగి వేసుకోని ఆడది ఎక్కడైనా ఉందా? అసలు పనిమనిషి లేకుండా పదేళ్ళు గిన్నెలు తోమి అప్పు తీర్చిన మనిషిని పట్టుకుని ఉత్త డాబుసరిది అని రాసేస్తే ఎట్లా? కావాలంటే ఊరొదిలి పారిపోవచ్చుగా? పోలేదే!" అన్నాను.

"గైడులో అట్లా లేదమ్మా."

"గైడు రాసినాయన ఎప్పుడైనా అంట్లు తోమాడో లేదో కనుక్కో ముందు."

పిల్ల పకపకా నవ్వింది. పుస్తకం ముందేసుకుని అట్లా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో!

నాకు ఇంకో అనుమానం వచ్చింది. హారం తిరిగి ఇచ్చినప్పుడు ఆ స్నేహితురాలు పెట్టె తెరిచి చూసుకోలేదా? చూసుకోలేదట. అసలు కథలో ఆ మాట ఉందట. మెటిల్డా భయపడుతూనే నిలబడితే ఆవిడ కాస్త విసుగ్గా తీసి లోపల పెట్టేసిందట. మన వైపు అయితే జరిగే పనేనా? ఎరువిచ్చిన నగ తిరిగొస్తే కొక్కెం నుంచి పూసల దాకా లెక్కపెట్టుకోమూ? ఆవిడ చూసుకోలేదంటేనే తెలియడం లేదూ, ఆ నగకి విలువ లేదని! "అది ఆ పిల్లకి తట్టలేదు చూడు" అన్నాను. మా అమ్మాయి గబగబా పెన్సిలు తీసి పుస్తకం అంచున ఏదో రాసుకుంది. నా మాట తన పుస్తకంలోకి ఎక్కడం అదే మొదటిసారి.

అప్పుడు అత్తయ్య, "పిల్లా, ఆ ట్రంకుపెట్టె ఇటు లాగు" అన్నారు.

అత్తయ్యది దివిసీమ. అవనిగడ్డకి అవతల ఊరు. పెట్టె అడుగున పాత చీర మడతల్లోంచి ఒక కాసులపేరు తీశారు. రంగు పోయి, అక్కడక్కడ ఎర్రగా రాగి కనిపిస్తోంది. నాకు పెళ్ళయి పాతికేళ్ళు. ఎన్నడూ చూడలేదు.

"ఇది చిలకలపూడిదే" అన్నారు.

చిలకలపూడి సంగతి తెలియనివాళ్ళకి ఒక్కమాట. మన బందరును ఆనుకుని ఉన్న ఊరే. పాండురంగస్వామి గుడికి ఎంత పేరో, గిల్టు నగలకీ అంత పేరు. రాగి మీదా ఇత్తడి మీదా బంగారు పూత వేసి, చంద్రహారమైనా నల్లపూసలైనా అచ్చం బంగారంలాగే దింపేస్తారు. మాటకి, మెరుపే గానీ సరుకు లేని దాన్ని చిలకలపూడి బంగారం అని ఎగతాళి కూడా చేస్తాం.

1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కోతకి వచ్చిన వరి మీదికి సముద్రం వచ్చి పడింది. వేలమంది పోయారు. పశువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అత్తయ్యవాళ్ళ ఊరు కాస్త ఎగువన ఉండబట్టి మనుషులు దక్కారు. ఎడ్లు పోయాయి, చేను పోయింది, పొలంలో ఉప్పు మిగిలింది. అప్పటికి మావారికి రెండేళ్ళు. అత్తయ్యకి ఇరవై రెండో ఇరవై మూడో. పుట్టింటివారు పెట్టిన పది కాసుల కాసులపేరు బందరులో తాకట్టు పెడితే వచ్చిన డబ్బుతో ఎడ్లూ విత్తనాలూ వచ్చాయి. కానీ పెళ్ళికెదిగిన ఆడబిడ్డ ఇంట్లో ఉంది. కోడలి మెడ బోసిగా కనబడితే ఈ ఇల్లు ఇక లేవదనుకుని సంబంధాలు వెనక్కి పోతాయి. అందుకని మామయ్యగారే వెళ్ళి చిలకలపూడిలో అచ్చం అట్లాంటి పేరే చేయించుకొచ్చారట. 1979లో ఆడబిడ్డ పెళ్ళిలో అత్తయ్య దాన్నే వేసుకుని పందిట్లో తిరిగారు. అసలుది విడిపించింది 1984 సంక్రాంతికి. ఆరేళ్ళ పైచిలుకు గిల్టుపేరు మెడలో వేసుకుని బతికారన్నమాట!

మా అమ్మాయి ఆ పేరును చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత పిల్లలకే వచ్చే ప్రశ్న ఒకటి అడిగింది. "అయితే నువ్వు కూడా ఊరందర్నీ మోసం చేశావుగా నాయనమ్మా?"

నాకు గుండె ఆగినంత పనయింది. అత్తయ్య మాత్రం నొచ్చుకోలేదు. "మోసమేందే! ఊరికి చూపెట్టేదానికి గిల్టు పెట్టుకున్నా. ఇంట్లో దాచలా. మీ తాతకి తెలుసు. మా అత్తకి తెలుసు. ఎవరికి చెప్పాల్నో వాళ్ళకి చెప్పా. మీ పాఠంలో పిల్ల ఎవరికి చెప్పాల్నో సరిగ్గా వాళ్ళకే చెప్పలా. ఆ రోజే స్నేహితురాలి దగ్గరికెళ్ళి, అమ్మా పోయిందే అని ఏడిస్తే అయిదు వందలతో పోయేది. పదేళ్ళ వయసు మిగిలేది" అన్నారు.

పాఠం చివర కూడా ఆ మాదిరి ప్రశ్నే ఉందట, మెటిల్డా నిజం ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదని. దానికి గైడులో అయిదు వాక్యాల జవాబు ఉంది. బడి గడప తొక్కని మనిషి అంతకంటే గట్టి జవాబు చెప్పింది.

ఆ రాత్రి మా అమ్మాయి నా పక్కన వచ్చి పడుకుంది. చీకట్లో చాలాసేపు గాజులు తిప్పుకుంటూ ఊరుకుంది. చివరికి, "అమ్మా, నీకో మాట చెప్పాలి. నాన్నకి నువ్వు చెప్పాలి" అంది. లెక్కల యూనిట్ టెస్టులో నలభైకి పదకొండు వచ్చాయట. నెల్లాళ్ళుగా ఆ పేపరు సంచీ అడుగున పెట్టుకుని తిరుగుతోందట. రోజూ బడికి వెళ్ళేటప్పుడు కడుపులో తిప్పేదట. నెల్లాళ్ళు! ఆ కొక్కెం విరిగిందన్న ఉత్తరం లాంటి అబద్ధాలు నాకెన్ని చెప్పిందో లెక్కపెట్టుకుంటూ చెప్పింది పాపం. నేను తిట్టలేదు. మావారు కూడా ఒక నిమిషం ముఖం గంటు పెట్టుకుని, తర్వాత ట్యూషను గురించి మాట్లాడారు. అంతే. అయిదు వందలతో పోయింది.

పదో తరగతి మార్కుల కోసం, ఇంటర్ మార్కుల కోసం పిల్లలు ఎంత భయాన్ని లోపల దాచుకుంటున్నారో మన బెజవాడలో ఉన్నవాళ్ళకి నేను వేరే చెప్పాలా? ఫలితాలు వచ్చిన రోజు పేపరు తెరవాలంటేనే చేతులు వణుకుతాయి. అట్లాంటి పిల్లలకి ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పవచ్చు అనే ఒక్క మాట లోపలికి వెళితే ఆ పాఠం రుణం తీరినట్టే. ఆ మాట మనం నీతిగా చెబితే వెళ్ళదు. మెటిల్డా చెబితే వెళ్ళింది.

ఇదంతా విన్నాక మీకు అనిపించవచ్చు, ఏదో ఒక కథ కుదిరింది, అన్నీ ఇట్లా ఉంటాయా అని. ఉంటాయండీ. ఆ పుస్తకంలోనే ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రాసిన 'భోలీ' కథ ఉంది. మశూచి మచ్చల పిల్ల, నత్తి. ఆ మచ్చలు చూసి ముసలి పెళ్ళికొడుకు పీటల మీద అయిదు వేలు కట్నం అడిగితే తండ్రి ఇచ్చేస్తాడు. పిల్ల మాత్రం దండ అవతల పారేసి ఈ పెళ్ళి నాకొద్దంటుంది. దాన్ని మనకి ఎవరైనా విడమరచాలా? ఐసీఎస్ఈ బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి షేక్స్‌పియర్ 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' చదివారు. స్నేహితుడి కోసం ఒకాయన అప్పుపత్రం మీద సంతకం పెట్టి పీకలమీదికి తెచ్చుకుంటే, పోర్షియా అనే ఆడపిల్ల లాయరు వేషంలో వచ్చి గట్టెక్కిస్తుంది. హామీ సంతకాలు పెట్టి చేతులు కాల్చుకున్న మగవాళ్ళు మన ఇళ్ళల్లో తక్కువా?

ఇంకో సంగతి. పెద్ద సాహిత్యం అంటే ఇంగ్లీషు వచ్చినవాళ్ళదే అని మన అమ్మలూ అమ్మమ్మలూ ఎన్నడూ అనుకోలేదు. 1949లో కె.వి.రెడ్డిగారు తీసిన 'గుణసుందరి కథ' చూడని ఇల్లాలు ఆ రోజుల్లో ఉండదు. రాజుగారు ముగ్గురు కూతుళ్ళనీ ప్రశ్న అడగడం, ముఖస్తుతి చేయని చిన్నకూతురి మీద కోపగించడం షేక్స్‌పియర్ 'కింగ్ లియర్' నాటకంలోంచి వచ్చిందే. దానికి రాసిన పింగళి నాగేంద్రరావుగారు మన బందరులో పెరిగినాయనే. అంతకు ముందే కందుకూరి వీరేశలింగంగారు గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల ప్రేరణతో 'రాజశేఖర చరిత్రము' రాశారు. 1880లో పుస్తకంగా వచ్చింది. తర్వాత అదే మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఇక శరత్‌బాబు నవలలు తెనాలి చక్రపాణిగారి చేతిలో తెలుగైతే, ఆయన బెంగాలీవాడంటే నమ్మని పాఠకులు ఉండేవారట! కాబట్టి కథలు పక్కింటి నగల్లాంటివి. ఎరువు తెచ్చుకోవడం మన ఇంటావంటా ఉన్న పనే. తెచ్చుకున్నాక మన మెడలో ఎట్లా ఉందో చూసుకోవాలి. గైడు చేసేది ఏమిటంటే, నగని పెట్టెలోంచి తీయకుండానే బరువెంతో చెప్పమంటుంది.

గైడు వద్దని నేను అనడం లేదు. పరీక్షలో ఎన్ని మాటల్లో రాయాలి, ఏ ప్రశ్న ఏ రూపంలో వస్తుంది అనేది పిల్లలకి తెలియాలి కదా. కానీ గైడుకి ముందు ఒక అరగంట మనం అడగవచ్చు. మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న పద్ధతి చెబుతాను. మీకు వీలైతే చేసి చూడండి.

మొదటిది, పుస్తకం మూయించి కథ మొత్తం తెలుగులో చెప్పించుకోండి. ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగులో చెప్పడం మొదట్లో నత్తి నత్తిగా ఉంటుంది. ఫర్వాలేదు. కథ తెలుగులో చెప్పగలిగితే అర్థమైనట్టు. చెప్పలేకపోతే బట్టీ అన్నట్టు. ఇంతకంటే మంచి పరీక్ష ఏ బడిలోనూ లేదు.

రెండోది, చేతిలో పని పెట్టుకుని వినండి. గోంగూర తుంచుతూనో, బట్టలు మడతపెడుతూనో. ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూస్తే పిల్లలకి అది ఇంకో వైవా అయిపోతుంది.

మూడోది, తెలిసిన ప్రశ్నలు అడగకండి. మీకు నిజంగా వచ్చిన అనుమానాలే అడగండి. "డబ్బెక్కడిది?", "అత్తగారు ఊరుకుందా?", "ఆ మాట ఎందుకు దాచింది?" ఇల్లు నడిపే మనిషికి వచ్చే అనుమానాలు పండితులకి రావు. పిల్లలు మళ్ళీ పుస్తకం తీసి వెతుకుతారు. చదువంటే అదే కదా!

నాలుగోది, మీకు తోచింది చెప్పండి, గైడుతో కలవకపోయినా సరే. పిల్లలు మీతో వాదించాలి. వాదించిన జవాబు పరీక్షలో మర్చిపోరు.

అయిదోది, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ ముందు చదివించండి. ఏ ట్రంకుపెట్టెలో ఏముందో ఎవరికి తెలుసు!

పుస్తకాలకి పెద్ద ఖర్చు కూడా లేదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఇట్లాంటి కథలు పిల్లల కోసం కుదించినవి చవగ్గా దొరుకుతాయి. జనవరిలో మన ఊళ్ళో పుస్తకాల పండుగ ఉండనే ఉంది. కూరల సంచీ పక్కన ఇంకో సంచీ పట్టుకెళ్ళండి.

మా అమ్మాయి మెటిల్డా గుణగణాలు ఈసారి తన మాటల్లో రాసింది. ఆశ ఉన్న మనిషే గానీ అప్పు ఎగ్గొట్టని మనిషి అనీ, తప్పు నగది కాదు దాపరికానిది అనీ. అయిదుకి మూడున్నర వచ్చాయి. గైడు జవాబు రాసిన పిల్లకి నాలుగు వచ్చాయట. అర మార్కు పోతే పోయింది, ఆ జవాబు తనది అంటుంది.

వచ్చే జూన్‌కి ఇంటర్‌లో చేరుతుంది. లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీల హోరు. బహుశా హాస్టలు. అక్కడ వారానికోసారి ఫోను, అదీ అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో "బాగానే ఉన్నా" అనే మాట ఒక్కటే చెబుతుందా, లేక కొక్కెం విరిగిందో హారమే పోయిందో నిజం చెబుతుందా అన్నదే నా బెంగ. అందుకే ఈ ఏడాది మిగిలిన ఆదివారాలన్నీ నాకు చాలా విలువైనవి.

మరి మీ ఇంట్లో పిల్లలు ఏ పాఠం చదువుతున్నారు? వచ్చే ఆదివారం కూర తరిగేటప్పుడు కాస్త అడిగి చూడండి.